మాన్‌స్టర్ గేముల్లో ఏది కష్టం, ఏది లోతు? – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, అటు మార్కాపురం వైపు కూడా, ఈ రకం గేములు ఆడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. మాన్‌స్టర్లను పట్టుకుని, పెంచి, టీమ్ కట్టి పోరాడే ఆటలన్నీ ఒకే గాటన కట్టేవి కావు. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా, కొన్ని పొట్టిగా ఉంటాయి.

కష్టంగా ఉందంటే లోతుగా ఉన్నట్టేగా?

అక్కర్లేదు. తప్పు చేస్తే ఆట మీ దగ్గర ఏం లాక్కుంటుంది, ఎంత వెనక్కి నెడుతుంది అన్నది కష్టం. ఒక టర్నులో ఆలోచించదగ్గ దారులు ఎన్ని ఉన్నాయి, ఎదుటివాడు వేసే ఎత్తును బట్టి వాటి విలువ ఎంత మారుతుంది అన్నది లోతు. గంటల తరబడి లెవెళ్లు పెంచితే తప్ప దాటనివ్వని ఆటకు కష్టం ఉండొచ్చు, లోతు మాత్రం ఏమీ ఉండదు. అది ఓపికకు పెట్టిన పరీక్ష. చదరంగానికి కథా లేదు, బాసూ లేదు, లోతుకు మాత్రం కొదవ లేదు.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మిమ్మల్ని ఓడించిన బాస్ దగ్గరికి పది లెవెళ్లు పెంచుకుని, అదే టీమ్‌తో, అవే మూవ్‌లతో మళ్ళీ వెళ్ళండి. సునాయాసంగా గెలిచారంటే అక్కడ ఉన్నది లెవెళ్ల అడ్డంకి. అప్పటికీ ఓడారంటే ఆట మీ నుంచి ఇంకేదో అడుగుతోంది. ఆ 'ఇంకేదో' ఏమిటో వెతకడం మొదలైన చోటే లోతు మొదలవుతుంది.

పది లెవెళ్లకు నిజంగా అంత బలం ఉంటుందా?

పోకెమాన్ లెక్కతో చూద్దాం. డ్యామేజ్ సూత్రం ఇది: లెవెల్‌ను 2తో హెచ్చించి 5తో భాగించి 2 కలపాలి. దాన్ని మూవ్ పవర్‌తో, అటాక్‌తో హెచ్చించి, ఎదుటి డిఫెన్స్‌తో భాగించి, మళ్ళీ 50తో భాగించి 2 కలపాలి.

లెవెల్ 50, అటాక్ 150, మూవ్ పవర్ 90, ఎదుటి డిఫెన్స్ 100 అనుకోండి. వచ్చేది 61. అదే పోకెమాన్ లెవెల్ 60కి చేరితే అటాక్ సుమారు 180 అవుతుంది, డ్యామేజ్ 86కు వెళ్తుంది. అంటే దెబ్బ 1.4 రెట్లయింది. అదే సమయంలో మీ హెచ్‌పీ (ప్రాణబలం), డిఫెన్స్ కూడా ఐదో వంతు చొప్పున పెరిగాయి కాబట్టి దాదాపు 1.4 రెట్లు ఎక్కువసేపు నిలబడతారు. రెండూ కలిపితే పది లెవెళ్ల తేడా మిమ్మల్ని రెండింతలు చేసినట్టే.

ఇప్పుడు లెవెల్ 50లోనే ఉండి టైపు చూసుకోండి. సొంత టైపు మూవ్‌కు 1.5 రెట్లు, ఎదుటి టైపుకు పడని మూవ్‌కు 2 రెట్లు. ఆ 61 కాస్తా 182 దాకా పోతుంది. 85 నుంచి 100 శాతం మధ్య 16 విలువల్లో ఒకటి యాదృచ్ఛికంగా పడుతుంది కనుక, మరీ తగ్గితే 152. గ్రైండింగ్ (లెవెళ్ల కోసం అదే పోరు మళ్ళీ మళ్ళీ ఆడటం) కంటే టైపు పట్టిక చదవడమే చవక. కథ నడిచే భాగంలో ఆట రెండు దారులనూ తెరిచి పెడుతుంది. చాలామంది మొదటి దారిలో పోయి 'ఇందులో ఏముంది' అంటారు.

ఏందన్నా, పోకెమాన్ పిల్లల ఆట కదా?

కథ వరకు అవును, పిల్లలు దాటగలిగేట్టే చేస్తారు. పైగా 2013 నాటి ఎక్స్, వై నుంచి ఎక్స్‌పీ షేర్ టీమ్ మొత్తానికి అనుభవం పంచుతోంది. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్‌లో దాన్ని ఆపే వీలు కూడా తీసేశారు. ఎదుటి పోకెమాన్ పడిపోగానే 'మార్చుకుంటావా' అని అడగకుండా చేసే సెట్ మోడ్, 2022 నాటి స్కార్లెట్, వైలెట్‌లో లేదు. కష్టాన్ని ఎంచుకునే సౌకర్యం 2012లో బ్లాక్ 2, వైట్ 2 ఇచ్చాయి. దాన్ని కూడా ఆట పూర్తి చేశాకే తెరిచేట్టు పెట్టారు. కష్టం కోరేవాడు ముందు సులభంగా ఒకసారి ముగించాలట. ఇంత విడ్డూరం ఇంకెక్కడా చూడం.

మనిషితో మనిషి ఆడే పోటీ మాత్రం వేరే ఆట. అధికారిక వీజీసీ (వీడియో గేమ్ ఛాంపియన్‌షిప్స్) పోటీల్లో ఇద్దరికి ఇద్దరు డబుల్స్. ఆరుగురిని తెచ్చి, ఎదుటి ఆరుగురిని చూసి, నలుగురిని ఎంచుకోవాలి. అందరూ లెవెల్ 50కి సర్దుబాటవుతారు, కాబట్టి గ్రైండింగ్ ఆసరా పోతుంది. ఇద్దరినీ తాకే మూవ్‌లకు డ్యామేజ్ 75 శాతమే. ఆ టర్నుకు దెబ్బ తగలకుండా కాపాడే ప్రొటెక్ట్‌ను వరసగా రెండోసారి వేస్తే పనిచేసే అవకాశం మూడో వంతు. ట్రిక్ రూమ్ పడితే ఐదు టర్నుల పాటు నెమ్మదిగా ఉన్నవాడే ముందు కదులుతాడు. ప్రతి టర్నులో మీరూ ఎదుటివాడూ ఒకేసారి, ఒకరికొకరు తెలియకుండా ఆదేశం ఇస్తారు. 'నేను ప్రొటెక్ట్ వేస్తానని వాడు అనుకుంటాడని నేను అనుకుంటే' అన్న గొలుసు అక్కడ మొదలవుతుంది. ఈ తరహాలో ఇంత లోతు వేరే ఆటలో లేదన్నది మా అభిప్రాయం. ఆ లోతు కథలో మచ్చుకు కూడా కనపడదు.

మరి పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లో జిమ్ లీడర్ (ఊరి బాస్) విట్నీ వాడే మిల్‌ట్యాంక్ దగ్గర అందరూ ఎందుకు చతికిలబడ్డారు?

1999 నాటి ఆ ఆటల్లో మిల్‌ట్యాంక్ లెవెల్ 20. మూవ్‌లు రోలౌట్, స్టాంప్, అట్రాక్ట్, మిల్క్ డ్రింక్. రోలౌట్ పవర్ 30తో మొదలై తగిలిన ప్రతిసారీ రెట్టింపవుతుంది: 30, 60, 120, 240, 480. నాలుగో దెబ్బకు దాదాపు ఏదైనా పోతుంది. అది ఆడది కాబట్టి మగ పోకెమాన్ అట్రాక్ట్‌కు చిక్కి సగం టర్నులు ఊరకే నిలబడుతుంది. మీరు కొట్టింది మిల్క్ డ్రింక్‌తో తిరిగొస్తుంది.

చాలామంది ఓడేది లెవెల్ చాలక కాదు. మొదట తీసుకున్న మగ పోకెమాన్‌నే నమ్ముకోవడం వల్ల. గోల్డెన్‌రాడ్ డిపార్ట్‌మెంట్ స్టోరులో డ్రౌజీ ఇస్తే మాచాప్ ఇచ్చే మనిషి ఉన్నాడు (క్రిస్టల్‌లో అయితే అబ్రా అడుగుతాడు). మాచాప్ ఫైటింగ్ టైపు కనుక రోలౌట్ దానికి సగమే తగులుతుంది, తిరిగి కొడితే రెట్టింపు. లేదా ఆడ జియోడ్యూడ్: రోలౌట్, స్టాంప్ రెండూ దానికి సగమే, అట్రాక్ట్ అసలు పనిచేయదు. జవాబు అదే ఊళ్ళో అమర్చి పెట్టిన మంచి బాస్ ఇది. కష్టమూ లోతూ ఒకేచోట కలిసిన అరుదైన సందర్భం.

2017 నాటి అల్ట్రా సన్, అల్ట్రా మూన్‌లో అల్ట్రా నెక్రోజ్మా కూడా ఇలాంటిదే. లెవెల్ 60తో, అటాక్, డిఫెన్స్ లాంటి స్టాట్లన్నీ ఒక మెట్టు పెంచుకుని వస్తుంది. డార్క్ టైపు జోరోవార్క్‌ను, దాని ఇల్యూజన్ గుణంతో, పాయిజన్ పోకెమాన్ వేషంలో దింపితే కంప్యూటర్ మోసపోయి సైకిక్ మూవ్ వేస్తుంది. డార్క్ టైపుకు అది తగలదు. ఇల్యూజన్ వేషం టీమ్‌లో చివర ఉన్న పోకెమాన్‌ది వస్తుంది కాబట్టి వరస సరిచూసుకోండి.

నజ్‌లాక్ అంటే ఏంది? అది ఆటను లోతుగా చేస్తుందా?

ఆటగాళ్ళే పెట్టుకున్న నియమాలవి: పడిపోయిన పోకెమాన్ చచ్చినట్టే లెక్క, ఒక్కో ప్రాంతంలో మొదట ఎదురైనదాన్ని మాత్రమే పట్టాలి, ప్రతిదానికీ పేరు పెట్టాలి. ఇవి కష్టాన్ని బాగా పెంచుతాయి. లోతు పెరగాలంటే ఇంకో నియమం తప్పనిసరి: తర్వాతి జిమ్ లీడర్ దగ్గరున్న అతిపెద్ద లెవెల్‌ను మీ టీమ్ దాటకూడదు. ఇది లేకపోతే భయంతో అందరూ గ్రైండింగే చేస్తారు. లెవెల్ హద్దు పెట్టాక 80 శాతం గురి ఉన్న మూవ్‌ను నమ్మాలా అన్నది నిజమైన ప్రశ్న అవుతుంది. వరసగా రెండుసార్లు తగిలే అవకాశం 64 శాతం, మూడుసార్లయితే 51. నజ్‌లాక్‌లు ఎక్కువగా కూలేది ఇక్కడే. క్రిటికల్ దెబ్బను (అప్పుడప్పుడు యాదృచ్ఛికంగా పడే బలమైన దెబ్బ) లెక్కలోకి తీసుకోకపోవడం రెండో కారణం. పోకెమాన్ ఆటల ఏడో తరం నుంచి దాని అవకాశం 24కు ఒకటి, దెబ్బ ఒకటిన్నర రెట్లు. 'క్రిటికల్ పడినా బతుకుతుందా' అని మిమ్మల్ని మీరు అడక్కుండా ఏ పోకెమాన్‌నూ పోరులో ఉంచకండి.

ఈవీలు పెంచడం ఎట్టా? ఎక్కడ చెడుతుంది?

ఈవీలంటే శిక్షణతో స్టాట్లను పెంచే పాయింట్లు. మొత్తం 510, ఒక్క స్టాట్‌కు గరిష్ఠం 252. లెవెల్ 100లో నాలుగు ఈవీలకు ఒక పాయింటు. లెవెల్ 50లో, ఐవీ (పుట్టుకతో వచ్చే విలువ) 31 ఉంటే, 252కు 32 పాయింట్లు వస్తాయి. మొదటి పాయింటుకు 4, ఆ తర్వాత ఒక్కోదానికి 8 చొప్పున. అందుకే లెవెల్ 50 పోటీకి 8, 16, 24 అని కాక 4, 12, 20, 28 అని పెట్టుకోవాలి. 8 పెడితే నాలుగు వృథా.

స్కార్లెట్, వైలెట్‌లో డబ్బుంటే విటమిన్లు కొనండి. ఒక్కోటి 10 ఈవీలు, ధర 10,000. ఒక స్టాట్ నింపడానికి 26 కావాలి, రెండు స్టాట్లకు 5,20,000. డబ్బు లేకపోతే పవర్ ఐటమ్ తగిలించి, ఆ స్టాట్‌కు 1 ఈవీ ఇచ్చే అడవి పోకెమాన్లను కొట్టండి: ఒక్కోదానికి 1, ఐటమ్ వల్ల 8, కలిపి 9. సరిగ్గా 28 కొడితే 252.

చెడేది ఇక్కడ: ఎక్స్‌పీ షేర్ ఈవీలను కూడా టీమ్ అంతటికీ పంచుతుంది. ఒకదానికి స్పీడ్ పెంచుతుంటే పక్కనున్న ఐదింటికీ అక్కర్లేని స్పీడ్ అంటుకుంటుంది. శిక్షణ పూర్తయినవాటిని ముందే బాక్సులో పెట్టేయండి. పాడైతే ఒక్కో స్టాట్‌కు తగిన బెర్రీ ఉంది, ఒక్కోటి 10 తగ్గిస్తుంది.

షిన్ మెగామి టెన్సే అంత కష్టమంటారు, ఎందుకు?

ప్రెస్ టర్న్ పద్ధతి వల్ల. 2003లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన మూడో భాగం నాక్టర్న్‌తో ఇది మొదలైంది. హీరో, అతను కూడగట్టిన దెయ్యాలు కలిసిన నలుగురి టీమ్‌కు ఒక వంతులో నాలుగు గుర్తులు ఉంటాయి. మామూలు దెబ్బకు ఒక గుర్తు పోతుంది. ఎదుటివాడి బలహీనతను కొట్టినా, క్రిటికల్ పడినా సగమే పోతుంది. వంతు పక్కవాడికి వదిలినా సగమే. అంటే బాగా ఆడితే నాలుగు గుర్తులతో ఎనిమిది దెబ్బలు. గురి తప్పినా, ఎదుటివాడికి ఆ దెబ్బ అంటకపోయినా రెండు గుర్తులు గల్లంతు. ఎదుటివాడు ఆ దెబ్బను మింగినా, తిప్పికొట్టినా మీ వంతు అక్కడితో సరి.

ఇవే నియమాలు శత్రువుకూ వర్తిస్తాయి. మీ నలుగురిలో ఒక్కడికి అగ్ని పడకపోతే, శత్రువు అగ్ని వేసిన ప్రతిసారీ అదనంగా కదులుతాడు. ఆ ఒక్కడి తప్పుకు నలుగురూ పోతారు. పైగా నాక్టర్న్‌లో హీరో పడిపోతే మిగతా ముగ్గురు నిక్షేపంగా ఉన్నా ఆట ముగిసినట్టే. పోకెమాన్‌లో ఒక పోకెమాన్ బలహీనత ఆ పోకెమాన్‌కే నష్టం. ఇక్కడ అది టీమ్ మొత్తానికి అప్పు.

నాక్టర్న్‌లో మటాడోర్ అనే బాస్ దగ్గర ఆగిపోయినవాళ్ళకు:

1. గాలి దాడి పడని దెయ్యాన్ని ముందు టీమ్‌లోంచి తీసేయండి. లెవెల్ ఎంతున్నా సరే.
2. హీరోకు హిఫుమి మగటామా (హీరో బలాలు, బలహీనతలు మార్చే వస్తువు) తొడగండి. గాలి దాడి అంటదు, అది వేసిన ప్రతిసారీ మటాడోర్ రెండు గుర్తులు పోగొట్టుకుంటాడు.
3. రెడ్ కపోటే వేసి తన చురుకుదనాన్ని పైకప్పు దాకా పెంచుకుంటాడు. మీ దెబ్బలు తప్పడం మొదలవుతుంది, ఒక్కో తప్పుకు రెండు గుర్తులు. ఎదుటివాడి చురుకుదనాన్ని తగ్గించే సుకుండా రకం మూవ్ ఒక్కటన్నా లేకుండా వెళ్ళొద్దు.
4. కొత్త దెయ్యాన్ని పెంచుతూ కూర్చోవద్దు. ఉన్న రెంటిని కలిపి కొత్తదాన్ని చేయండి. దెయ్యాల మీద మమకారం పెట్టుకోవడమే ఈ ఆటలో అసలు ఉచ్చు. కాంపెండియంలో (దెయ్యాల జాబితా పుస్తకం) నమోదు చేసిందాన్ని డబ్బుతో తిరిగి పిలవొచ్చు.

2021 నాటి ఐదో భాగం, దాని 2024 వెంజెన్స్ రూపం కొంచెం వేరు. బఫ్‌లు (స్టాట్ పెంచేవి), డీబఫ్‌లు (తగ్గించేవి) రెండు మెట్లకు మించవు, మూడు టర్నులకు కరిగిపోతాయి. శత్రువుకూ మీకూ లెవెల్ తేడా ఉంటే డ్యామేజ్ బాగా మారుతుంది. ఈ రెండోది మాకు నచ్చలేదు. మంచి ఎత్తుగడ వేసినా ఐదు లెవెళ్లు తక్కువున్నందుకు ఓడిపోవడమంటే లోతు తగ్గించి కష్టం పెంచడమే.

డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్, డిజిమాన్ ఎక్కడ నిలుస్తాయి?

రెంటిలోనూ ఆలోచన పోరులో కంటే పెంపకంలో ఎక్కువ. 2023 డిసెంబరులో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ ఆట ది డార్క్ ప్రిన్స్‌లో లెవెల్ 10 చేరిన రెండు మాన్‌స్టర్లను కలిపితే కొత్తది పుడుతుంది, తల్లిదండ్రులు మాయమవుతాయి. పిల్ల లెవెల్ 1 నుంచి మొదలైనా వాటి టాలెంట్ పాయింట్లలో సగం వెంట తెచ్చుకుంటుంది. సరిగ్గా 10 దగ్గరే కలపడం తొందరపాటు. పాయింట్లు ఎక్కువ పోగయ్యాక కలిపితే పిల్లకు ఎక్కువ వస్తుంది. ఎల్ సైజు మాన్‌స్టర్ రెండు స్థానాలు తింటుందని మరచి టీమ్ కట్టేవాళ్ళు చాలామంది.

డిజిమాన్ ఆట సైబర్ స్లూత్‌లో వ్యాక్సిన్ టైపు వైరస్‌ను, వైరస్ డేటాను, డేటా వ్యాక్సిన్‌ను కొడుతుంది. అందరూ చేసే పొరపాటు నేరుగా పై రూపానికి తీసుకెళ్ళి ఆగిపోవడం. కింది రూపానికి వెనక్కి దించితే ఏబీఐ అనే స్టాట్ పెరుగుతుంది, దాంతో లెవెల్ హద్దూ పెరుగుతుంది. పెద్ద రూపాలు కొన్ని ఏబీఐ లేకుండా తెరుచుకోవు. దిగి ఎక్కడమే అక్కడ దారి.

అదృష్టం లేని ఆట కావాలి. ఉందా?

2022లో పూర్తిగా విడుదలైన టెమ్‌టెమ్ చూడండి. మూవ్‌లు గురి తప్పవు, పోరంతా ఇద్దరికి ఇద్దరు. మూవ్‌లు స్టామినాను తింటాయి. ఉన్నదానికి మించి వాడితే హెచ్‌పీ కోసుకుపోతుంది, తర్వాతి టర్ను ఊరకే ఉండాలి. కొన్ని బలమైన మూవ్‌లు దింపిన వెంటనే రావు, ఒకటి రెండు టర్నులు ఆగాలి. తప్పుకు నెపం వేయడానికి పాచికలు ఉండవు, మీరే బాధ్యులు.

అదృష్టం ఉంటే లోతు తగ్గుతుందన్న మాటను మాత్రం ఒప్పుకోం. 70 శాతం గురి ఉన్న బలమైన మూవ్‌కూ, 100 శాతం గురి ఉన్న బలహీనమైన దానికీ మధ్య ఎంపిక కూడా నైపుణ్యమే. గెలుస్తున్నప్పుడు గురి ఉన్నదాన్ని, ఓడుతున్నప్పుడు బలమున్నదాన్ని వాడాలి. చాలామంది సరిగ్గా తిరగేసి ఆడతారు.

చిన్న స్టూడియోల ఆటల్లో ఏవి ఆడొచ్చు?

మాన్‌స్టర్ శాంక్చువరీ (2020): ముగ్గురికి ముగ్గురు. ప్రతి దెబ్బ ఆ తర్వాతి దెబ్బల బలాన్ని పెంచుతుంది కాబట్టి చిన్న దెబ్బలు ఎక్కువ కొట్టేవాడు ముందు, పెద్ద దెబ్బవాడు చివర. పోరు ముగిశాక నక్షత్రాలిస్తుంది, ఐదు తెచ్చుకుంటే బహుమతులు మెరుగు. గెలిచారా అని కాక ఎంత బాగా గెలిచారని అడిగే ఆట.

కసెట్ బీస్ట్స్ (2023): ఇక్కడ టైపులు డ్యామేజ్‌ను పెంచి తగ్గించడం కంటే స్థితిని మారుస్తాయి. ప్లాస్టిక్ మాన్‌స్టర్‌ను అగ్నితో కొడితే అది పాయిజన్ టైపుగా మారిపోతుంది. పోకెమాన్ పట్టిక నోటికొచ్చినవాళ్ళు ఇక్కడ మొదట తికమకపడతారు.

సిరాలిమ్ అల్టిమేట్ (2021): 1,200కు పైగా జీవులు, ఒక్కోదానికి సొంత గుణం. రెంటిని కలిపితే రెండు గుణాలూ వస్తాయి. పోరులో బటన్ నొక్కడం తప్ప పెద్ద పనుండదు. ఆలోచనంతా ఆరుగురి గుణాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టడంలోనే. కొందరికి ఇది స్వర్గం, కొందరికి ఎక్సెల్ షీటు.

టియర్లు అంటే? బలమైనవాటినే వాడితే పోదా?

మన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్లు అని విభాగాలు పెడతారు కదా, పోకెమాన్ పోటీ ఆటగాళ్ళ వెబ్‌సైటు స్మోగన్ వాళ్ళ టియర్లు కూడా అదే పని చేస్తాయి. తేడా ఒకటే: అక్కడ వయసు కొలత, ఇక్కడ వాడకం. ఒక పోకెమాన్ సుమారు 4.52 శాతం వాడకం దాటితే ఓయూ (ఎక్కువగా వాడేవాటి టియర్). 15 పోరుల్లో కనీసం ఒకసారి ఎదురయ్యే అవకాశం సగం ఉండటమన్నమాట. కింది టియర్‌లో ఉన్నది చెత్త అనుకోకండి. ఓయూలో నిలవలేనిది దాని కింది టియర్ యూయూలో రాజ్యమేలుతుంది.

కన్సోల్ లేదు, ఫోనే ఉంది. ఏం ఆడాలి?

పోటీ లోతు కావాలంటే పోకెమాన్ షోడౌన్. బ్రౌజరులో నడుస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు. ముందు ర్యాండమ్ బ్యాటిల్ ఆడండి, టీమ్ అదే ఇస్తుంది. రేటింగ్ 1000 నుంచి మొదలవుతుంది. ఓడిన పోరు రీప్లే తెరిచి, ఏ టర్నులో పోకెమాన్‌ను మార్చి ఉండాల్సిందో వెతకండి. కొత్తవాళ్ళు ఓడేది చెడ్డ మూవ్ వల్ల కంటే మార్చకపోవడం వల్లే.

కథ కావాలంటే కొరోమాన్, నెక్సోమాన్, ది డార్క్ ప్రిన్స్ ఫోన్లలో ఉన్నాయి. కొరోమాన్‌లో కష్టాన్ని మొదట్లోనే ఎంచుకోవచ్చు, అన్నిటికంటే పైది ఇన్సేన్. మొదటిసారి హార్డ్ చాలు.

పోకెమాన్ గో కూడా ఇందులోకి వస్తుందా?

2016 డిసెంబరులో జియోతో కలిసి మన దేశానికి వచ్చింది. పట్టడం తేలిక. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద తిరిగేవాడికీ పల్లెలో ఉన్నవాడికీ దొరికే పోకెస్టాపుల్లో (వస్తువులిచ్చే చోట్లు) తేడా ఉంటుంది, అంతే. లోతు గో బ్యాటిల్ లీగ్‌లో ఉంది: ముగ్గురు, రెండు షీల్డులు, పడని టైపుకు 1.6 రెట్లు. గ్రేట్ లీగ్ హద్దు 1500 సీపీ (పోకెమాన్ మొత్తం బలం చెప్పే అంకె). సీపీ లెక్కలో అటాక్‌కు బరువు ఎక్కువ కాబట్టి అక్కడ చాలావాటికి అటాక్ ఐవీ 0, మిగతా రెండూ 15 ఉన్నదే మేలు. మూడు 15లు ఉన్నదని మురిసి గ్రేట్ లీగ్‌కు తెచ్చి ఓడేవాళ్ళు కోకొల్లలు.

తుపాను రోజుల్లో కరెంటు, నెట్టు పోతుంటాయి. ఏ ఆట నష్టం చేయదు?

టెమ్‌టెమ్‌ను ఆన్‌లైన్ ఆటగా కట్టారు, నెట్టు పోతే కూర్చోవడమే. నాక్టర్న్ అసలు రూపంలో టెర్మినల్ దగ్గర తప్ప సేవ్ కాదు. గంట పని గాలికి పోయే ప్రమాదం ఉంది. హెచ్‌డీ రీమాస్టర్‌లో మధ్యలో ఆపి దాచే సస్పెండ్ సేవ్ పెట్టారు. పోకెమాన్ ప్రధాన ఆటల్లో పోరు నడవనప్పుడు దాదాపు ఎక్కడైనా సేవ్ చేయొచ్చు, ఆటో సేవ్‌ను నమ్ముకోకుండా జిమ్ ముందు చేత్తో ఒకసారి చేయండి.

మా తమ్ముడికి తొమ్మిదేళ్ళు. దేంతో మొదలుపెట్టాలి?

పోకెమాన్ కథతో, ఎక్స్‌పీ షేర్ ఉన్నదాంతో. టైపు పట్టిక కాగితం మీద రాసి పక్కన పెట్టండి, ఏ మూవ్ వేయాలో మాత్రం మీరు చెప్పకండి. నాలుగో జిమ్ దాటేసరికి పట్టిక చూడకుండా ఆడుతుంటే తర్వాత కసెట్ బీస్ట్స్. ఓడినప్పుడు లెవెల్ పెంచడానికి పరిగెత్తకుండా టీమ్ మార్చడం మొదలుపెట్టాకే నాక్టర్న్ సంగతి. అది కూడా వయసు వచ్చాక, అందులో కథ, బొమ్మలు పిల్లలకు తగినవి కావు.